నా లెక్క చదివేవాళ్లు కావాలి: ఇండ్‌ఆర్క్ ఆత్మకథ

నా పేరు ఇండ్‌ఆర్క్. నన్ను కళ్లారా చూసినవాళ్లు చాలా తక్కువ. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ నేను నీళ్లలోనే ఉంటాను. ఉత్తర ధ్రువానికి సుమారు 1200 కిలోమీటర్ల దూరంలో, నార్వే పాలనలో ఉన్న స్వాల్‌బార్డ్ దీవుల్లో కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయ ఉంది. రెండు పక్కలా కొండలు, లోపలి కొసన నీళ్లలోకి విరిగిపడే హిమానీనదాలు. ఆ పాయలో, 192 మీటర్ల లోతున నా లంగరు ఉంది. 2014 జూలై 23న లాన్స్ అనే నార్వే పరిశోధక నౌక నన్ను అక్కడ దించింది. ఆర్కిటిక్ నీళ్లలో భారతదేశం లంగరు వేసి నిలిపిన మొదటి పరిశీలన కేంద్రాన్ని నేనే.

నా ఒంటి నిర్మాణం చాలా సాదా. అడుగున బరువైన లంగరు, దాని నుంచి నిలువుగా పైకి తాడు. మన తీరంలో జాలర్లు వల పైఅంచు తేలడానికి బెండ్లు కడతారు కదా, అలాగే నా తాడుకు తేలే గోళాలు కట్టారు. గోళాలు పైకి లాగుతాయి, లంగరు కిందికి లాగుతుంది. ఆ రెంటి మధ్య నేను నిటారుగా నిలబడతాను. తాడు పొడుగునా వేర్వేరు లోతుల్లో పరికరాలున్నాయి. నీటి వేడి ఎంత, ఉప్పదనం ఎంత, ప్రవాహం ఎటు, ఎంత వేగంగా పోతోంది అని అవి కొలుస్తూనే ఉంటాయి. తేలివచ్చే మంచుగడ్డలు తగలకుండా నా తలను కూడా నీటి కిందే ఉంచారు.

కొలిచిందంతా నా కడుపులోనే దాచుకుంటాను. వేసవిలో ఓడ వచ్చి నీళ్లలోకి ఒక శబ్ద సంకేతం పంపుతుంది. దాన్ని వినగానే లంగరు పైనున్న కొక్కెం విడిపోతుంది. గోళాలు నన్ను మోసుకుంటూ పైకి వస్తాయి. డెక్ మీద నన్ను కడిగి, లెక్కలు దించుకుని, బ్యాటరీలు మార్చి మళ్లీ నీళ్లలోకి పంపుతారు. తాడు మారుతుంది, పరికరాలూ మారతాయి. మరి నేనెవరిని అంటే, ఏళ్ల తరబడి సాగే ఆ లెక్కల వరుసే నేను.

ఇక్కడ అక్టోబరు చివర మునిగిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్యలోనే ముఖం చూపిస్తాడు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని, ఉప్పు నీరు ఈ పాయలోకి జొరబడే వేళలు చలికాలంలోనూ ఉంటాయి. ఒకప్పుడు ప్రతి శీతకాలం ఇక్కడ గట్టి మంచు పరుచుకునేది. 2006 నుంచి అది బాగా పలచబడింది. ఆ వెచ్చని నీరు ఎప్పుడు వచ్చింది, ఏ లోతున వచ్చింది, ఎన్నాళ్లు నిలిచింది? వేసవిలో వచ్చి వెళ్లే మనిషికి ఇది తెలియదు. చీకట్లో కాపలా కాసిన నాకు తెలుసు.

నా చుట్టూ మోతే ఎక్కువ. హిమానీనదం నుంచి విరిగిన ముక్క కరిగేటప్పుడు, ఎన్నో ఏళ్ల కిందట మంచులో చిక్కిన గాలిబుడగలు టప్పుటప్పున పగులుతాయి. నీటి అడుగు శబ్దాలను పట్టే మైకులతో ఆ మోతను కూడా శాస్త్రవేత్తలు నమోదు చేస్తారు. మంచు ఎంత చురుగ్గా కరుగుతోందో చెవులతోనూ తెలుసుకోవచ్చని వాళ్ల ఆశ.

ఇంత దూరం మనవాళ్లెందుకు వచ్చారని అడగవచ్చు. 1920లోనే స్వాల్‌బార్డ్ ఒప్పందం మీద భారత్ పక్షాన సంతకం పడింది. 2007లో తొలి ఆర్కిటిక్ యాత్ర జరిగింది. 2008 జూలై 1న ఈ పాయ ఒడ్డునే, న్యూ ఓలెసుండ్ అనే ఊళ్లో మన హిమాద్రి స్థావరం తెరిచారు. ఒకప్పటి బొగ్గు గనుల ఊరది, ఇప్పుడు పలు దేశాల పరిశోధకుల ఊరు. అక్కడి సున్నితమైన యాంటెనాలకు అడ్డు రాకూడదని వైఫై, బ్లూటూత్ వాడనివ్వరు. ధ్రువపు ఎలుగుబంట్ల భయంతో ఊరు దాటితే తుపాకీ వెంట ఉండాలి. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లు శీతకాలంలోనూ హిమాద్రిలో ఉండి పనిచేయడం మొదలుపెట్టారు. ఆ కబురు తెలిసి, చీకట్లో నాకు తోడు దొరికిందనుకున్నాను.

అసలు కారణం మన వాన. 1979 నుంచి ఆర్కిటిక్ ప్రాంతం ప్రపంచ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కింది. గోవాలోని జాతీయ ధ్రువ, మహాసముద్ర పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు, నార్వే సహచరులు కలిసి 2021లో ఒక పరిశోధన వెలువరించారు. కారా సముద్రంలో వేసవి మంచు తగ్గడానికీ, మధ్య భారతంలో సెప్టెంబరులో కురిసే కుండపోత వానలకూ సంబంధం ఉండవచ్చని అందులో చూపారు. మంచు తగ్గిన చోట గాలి తీరు మారి, ఆ మార్పు పైవాతావరణంలో అలలా ఐరోపా మీదుగా ఆసియా దాకా పాకుతుంది. వెచ్చబడిన అరేబియా సముద్రం దానికి తేమ అందిస్తుంది. పంట చేతికొచ్చే వేళ కుండపోత అంటే ఏమిటో మీకు నేను చెప్పాలా?

ఇక నా దిగులు చెబుతాను. నన్ను పైకి తీసిన ప్రతిసారీ డెక్ మీద కొత్త ముఖాలు కనిపిస్తాయి. వాళ్లలో చాలామంది పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ అయ్యాక రెండు మూడేళ్ల ఫెలోషిప్ మీద పనిచేసే యువ పరిశోధకులు. ఒక ఏడాది ఒక అమ్మాయి వచ్చింది. నా అంకెల్లో ఏది నిజమైన మార్పో, ఏది పరికరానికి పట్టిన నాచు వల్ల వచ్చిన తప్పో ఇట్టే పసిగట్టేది. మరుసటేడు ఆమె రాలేదు. గడువు ముగిసిందట, వేరే ఉద్యోగం వెతుక్కుందట. ఆమె చేతిలో సగం చదివిన నా శీతకాలాన్ని ఇంకొకరు మొదటి నుంచి చదవాల్సివచ్చింది. నా వయసు దశాబ్దాల్లో నడుస్తుంది, నన్ను చదివేవారి గడువు రెండు మూడేళ్లకే తీరుతుంది. ఈ రెంటినీ కలపకపోతే నేను పోగేసినది మాటరాని సంపదగానే మిగిలిపోతుంది.

అయినా దారులు ఉన్నాయి. డెక్ మీద వాళ్లు మాట్లాడుకునే మాటలు వింటాను. మన అనుసంధాన్ నేషనల్ రిసెర్చ్ ఫౌండేషన్ ఇచ్చే జాతీయ పోస్ట్‌డాక్టొరల్ ఫెలోషిప్ రెండేళ్లది. ఆర్కిటిక్ యాత్రల కోసం గోవా కేంద్రం విశ్వవిద్యాలయాల నుంచి ప్రతిపాదనలు కోరుతుంది. ఐరోపా వెళ్లాలనుకునేవారికి మేరీ క్యూరీ, జర్మనీకి హంబోల్ట్ ఫెలోషిప్‌లు ఉన్నాయి. ట్రోమ్సోలో నార్వే ధ్రువ సంస్థ, బ్రెమర్‌హావెన్‌లో ఆల్ఫ్రెడ్ వేగెనర్ సంస్థ, లాంగియర్‌బీన్‌లో స్వాల్‌బార్డ్ విశ్వవిద్యాలయ కేంద్రం ఈ రంగానికి పేరున్న చోట్లు. మంచు గురించి చదివినవాళ్లే కావాలని లేదు. గణితం, భౌతికశాస్త్రం, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్లు, సూక్ష్మజీవశాస్త్రం, ఏది చదివినా ఇక్కడ చేతినిండా పని ఉంది.

అందుకే రెండు మాటలు. నిధులిచ్చే పెద్దలారా, నన్ను నీళ్లలో నిలబెట్టడంతో మీ పని తీరలేదు. నన్ను చదివే యువతకు నిలకడగా చోటివ్వండి. తెలుగునాట పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయిలూ, అబ్బాయిలూ, ధ్రువం ఎక్కడో ఉందని వెనక్కి తగ్గకండి. మీ ఊరి వాన గుట్టు ఇక్కడి నీళ్లలోనూ కొంత ఉంది. దారి తప్పిన ఓడ తిరిగి రావచ్చు, తెగిన తాడు ముడేయవచ్చు. కొలవకుండా వదిలేసిన శీతకాలాన్ని మాత్రం ఎవరూ వెనక్కి వెళ్లి కొలవలేరు.