డండీ దొరా, మా గంగారామూ

1986లో ప్రపంచమంతా పగలబడి నవ్విన ‘క్రోకోడైల్ డండీ’ మా ఇంట్లో, రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో, ఒక్క చోట తప్ప ఎవర్నీ నవ్వించలేకపోయింది. తప్పు సినిమాది కాదు. మావాళ్ళకి అందులో వింతేమీ కనబడలేదు, అంతే.

విజయనగరం నుంచి రాయ్‌పూర్‌కి రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ దారిన వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాల్లో మాదీ ఒకటి. పార్వతీపురం నుంచి మా అత్తగారు, రైల్వేలో రిటైరైన మావగారు, బావమరిది వచ్చి కొలువుదీరిన ఒక ఆదివారం ఆ సినిమా పెట్టాను. సినిమా కంటే దాని వెనక సంగతులు చెప్పడం నాకు సరదా. వినేవాళ్ళు దొరకడమే కష్టం.

డండీ వేషం వేసిన హీరో పాల్ హోగన్ సిడ్నీ హార్బర్ వంతెన మీద కూలిపని చేసినవాడు. 1971లో ‘న్యూ ఫేసెస్’ అనే టీవీ పోటీకి వెళ్ళి, స్టెప్పులేస్తూ కత్తులు విసురుతానని కోతలు కోసి పేరు తెచ్చుకున్నాడు. ఈ మాట చెప్పగానే మావగారు కళ్ళజోడు సవరించుకుని, “వంతెన మీదా? పర్మనెంటా, క్యాజువలా?” అన్నారు. రైల్వే మనిషికి అంతకు మించిన సందేహం రాదు.

నిర్మాత జాన్ కార్నెల్ పేరు చెప్పినప్పుడు మాత్రం ఆయన నిటారుగా కూర్చున్నారు. 1977లో టీవీ అధిపతి కెర్రీ ప్యాకర్‌తో కలిసి వరల్డ్ సిరీస్ క్రికెట్ పెట్టించినవాళ్ళలో ఈయన ఒకడు. రంగు బట్టలు, రాత్రి మ్యాచ్‌లు ఊపందుకున్నది అక్కడే. “అయితే ఐపీఎల్ పాపం వీళ్ళదేనన్నమాట” అని మావగారు తేల్చేశారు. సినిమాకి కోటి ఆస్ట్రేలియా డాలర్ల లోపే ఖర్చయింది. ఆ డబ్బుని ఒక పెద్ద స్టూడియో ఇవ్వలేదు, 1,400 మంది దాకా చీటీ కట్టినట్టు తలా కొంత వేసుకున్నారు. వసూళ్ళు 32 కోట్ల అమెరికా డాలర్లు దాటాయి. అప్పుడు అత్తగారు మొదటిసారి తెర వైపు చూశారు.

సరిగ్గా అప్పుడే గేదె వచ్చింది. అడవి దారిలో అడ్డంగా నిలబడ్డ గేదెకి డండీ రెండు వేళ్ళు చూపించి, ఏదో గొణిగి పడుకోబెడతాడు. హీరోయిన్ లిండా కొజ్లోవ్‌స్కీ నోరు తెరిచింది. అత్తగారు తెరవలేదు.

“గేదిని పడుకోబెట్టడం గొప్పేటి బాబూ? మూడో ఈత గేది తన్నకుండా పాలు పిండమను, సూద్దాం.”

నేను ఊరుకోకుండా, ఆ గేదెలు అసలు ఆస్ట్రేలియావి కావని, 19వ శతాబ్దంలో ఆసియా దీవుల నుంచి ఓడల్లో తెచ్చినవని, వదిలేస్తే అడవిపాలయ్యాయని చెప్పాను. “మన పెరటి గేదేనా! దానికింత మ్యూజిక్కా!” అని ఆవిడ వంటింట్లోకి నడిచారు. అడవి గేదె ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర జంతువని, ఇక్కడ దాని సంఖ్య వేళ్ళ మీదికి వచ్చిందని చెప్పబోయాను గాని, కుక్కరు కూత వేసింది.

కత్తి సీను గురించి ఎక్కువ చెప్పను. డండీ అడవి వదిలి న్యూయార్క్ వెళ్ళాక, ఒక కుర్రాడు చిన్న కత్తి చూపిస్తే మొల నుంచి బారెడు కత్తి తీస్తాడు. ఫ్యాక్షన్ సినిమాల మీద పెరిగిన బావమరిది “ఒక్కడేనా? వెనకాల సుమోలు లేవా?” అని ఆవలించాడు.

హోటల్ బాత్రూములో కడుక్కునే తొట్టి ఎందుకో డండీకి అర్థం కాదు. చివరికి సంగతి తట్టి, కిటికీలోంచి కేకేసి మరీ చెప్తాడు. అమెరికా ప్రయాణంలో ఆవకాయ పక్కన ప్లాస్టిక్ మగ్గు సర్దుకునే జాతి ముందు ఈ జోకు ఎలా నిలబడుతుంది?

అందరూ నవ్విన చోటు వేరు. ఆదివాసీ మిత్రుడు నెవిల్ ఫొటో తీయొద్దంటాడు. ఆత్మ పోతుందని భయమా అని హీరోయిన్ జాలిగా అడుగుతుంది. కాదు, కెమెరా కన్ను మీద మూత తీయలేదంటాడు అతను. నెవిల్ వేషం వేసిన డేవిడ్ గుల్పిలిల్ నిజంగానే అర్నెమ్ ల్యాండ్ యొల్ంగు తెగ మనిషి. నా లెక్కలో సినిమా మొత్తానికీ పెద్ద నటుడు ఆయనే.

ఇక మొసలి. సినిమాలో కనిపించిందని చెప్పుకునే బర్ట్ అనే మొసలి డార్విన్‌లోని ప్రదర్శనశాలలో 2024 డిసెంబరులో చనిపోయింది. 90 ఏళ్ళు దాటాయని అంచనా. ఈ కబురు చెప్తే బావమరిది, “మా గంగారాం ముందు ఎంత!” అన్నాడు.

నిజమే. రాయ్‌పూర్‌కి ఉత్తరాన బెమెతరా జిల్లా బావామోహతరా గ్రామపు చెరువులో గంగారాం అనే మొసలి ఉండేది. పిల్లలు పక్కనే ఈదేవాళ్ళు. ఊరివాళ్ళు పెట్టిన పప్పన్నం కూడా తినేదట. 2019 జనవరిలో చనిపోతే, దాని వయసు 130 అని ఊరు చెప్పుకుంది. అటవీశాఖ కొలిస్తే 3.4 మీటర్లు, సుమారు 250 కిలోలు. పూలు కప్పి ట్రాక్టర్ మీద ఊరేగించారు, వందల మంది వెంట నడిచారు, ఆ రోజు చాలా ఇళ్ళలో పొయ్యి వెలిగించలేదు. చెరువు గట్టునే పూడ్చారు. డండీ మొసలిని పొడిచి హీరో అయ్యాడు. గంగారాం ఎవర్నీ కరవకుండా దేవుడైంది.

చూడాలనుకునేవాళ్ళకి నా తీర్పు: మొదటి భాగం తప్పక చూడండి. 1988 నాటి రెండోది జ్వరం వచ్చి ఇంట్లో పడుకున్నప్పుడు పరవాలేదు. 2001లో లాస్ ఏంజిల్స్‌కి తీసుకెళ్ళిన మూడోది మాత్రం, మా అత్తగారు పిలిచి ఉచితంగా చూపించినా వద్దు.