అన్నీ డాక్టరు గారి బండ్లే

తెలుగు రాష్ట్రాల్లో పాత ఎస్‌యూవీలు అమ్మే ఏ యార్డుకైనా వెళ్లండి, అక్కడ నిలబెట్టిన బండ్లన్నీ డాక్టరు గారివే అయి ఉంటాయి. ఇంటి నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి ఇంటికి తప్ప ఆయన ఎక్కడికీ వెళ్లి ఎరగడు. డాక్టరు కాకపోతే ఎన్నారై. ఏడాదికి మూడు వారాలు బండి తీసి, మిగతా కాలమంతా కవరు కప్పి ఉంచిన మహానుభావుడు. ఎన్నికల్లో జెండా కట్టుకుని ఊరూరా తిరిగిన స్కార్పియోలు, ఇసుక రీచ్‌లలో నలిగిన బొలెరోలు, వెంచర్ల చుట్టూ ప్లాట్ల కస్టమర్లను తిప్పిన ఫార్చ్యూనర్లు మాత్రం అమ్మకానికే రావు. వాటికి నేరుగా మోక్షం వస్తుంది కాబోలు. యార్డులో ఉన్నవన్నీ సింగిల్ ఓనర్, షోరూమ్ ట్రాక్, నాన్ యాక్సిడెంట్. 2014 మోడల్, తిరిగింది 68 వేలే. ఇంతమంది డాక్టర్లుండగా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఖాళీలెందుకు ఉన్నాయన్నది వైద్యశాఖ చూసుకోవాల్సిన ప్రశ్న.

ఆ 68 వేలను పదకొండేళ్లకు పంచి చూడండి. రోజుకు 17 కిలోమీటర్లు, నెలకు 515. హైదరాబాద్ నుంచి విజయవాడ సుమారు 275 కిలోమీటర్లు కాబట్టి, నెలకోసారి వెళ్లొచ్చినా ఆ కోటా చాలదు. పెట్రోలు బండి కంటే ఎక్కువ పోసి డీజిల్ ఎస్‌యూవీ కొన్నవాడు దాన్ని ఇంత అపురూపంగా దాచుకుంటాడా? ఒకరిద్దరు ఉండొచ్చు, యార్డు యార్డంతా ఉండరు. అయినా మనం నమ్ముతాం, నమ్మాలని ఇంటి దగ్గరే నిశ్చయించుకుని బయల్దేరతాం కాబట్టి. నిజాయతీగా రెండు లక్షలు చూపించే బండి దగ్గర క్షణం కూడా ఆగం. మీటరు వెనక్కి తిప్పేవాడి చేతిలో ల్యాప్‌టాప్, కేబులు ఉంటే చాలు. అతనికి పని ఇస్తున్నది మాత్రం మనమే. అబద్ధానికి గిరాకీ ఉన్నన్నాళ్లు సరఫరాకు లోటుండదు. కాబట్టి ఎంత తిరిగిందని అడగడం మాని, ఆ అంకెకు రుజువేమిటని అడగండి. రుజువున్న రెండు లక్షలు, రుజువు లేని 68 వేల కంటే చవక.

చవక అన్నది మాటవరసకు కాదు. టైమింగ్ బెల్టు ఉండే డీజిల్ ఇంజన్లలో చాలావాటికి దాన్ని లక్ష, లక్షన్నర కిలోమీటర్ల మధ్య మార్చాలి. లక్షా అరవై వేలు తిరిగిన బండి మీటరు 68 వేలకు దిగితే, కొత్త ఓనరు ఇంకా బోలెడు టైముందనుకుంటాడు. బెల్టుకు మీటరు చదవడం రాదు. అది తెగితే పిస్టన్లు వెళ్లి వాల్వులను కొడతాయి, హెడ్డు విప్పాలి, మిగుల్చుకున్నదంతా గ్యారేజీలో కట్టాలి. అదృష్టవశాత్తూ బండి మొత్తాన్ని వెనక్కి తిప్పడం ఎవరి తరమూ కాదు. నిజంగా 68 వేలే తిరిగితే క్లచ్, బ్రేక్ పెడళ్ల రబ్బరు అరిగి నున్నబడదు, డ్రైవరు సీటు తలుపు వైపు అంచు కుంగదు. అవి మరీ కొత్తగా మెరుస్తుంటే ఎందుకు మార్చారని అడగండి. కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు మీద పాత బిల్లులుంటాయి, ప్రతి బిల్లు మీదా ఆనాటి కిలోమీటర్లుంటాయి. ఓనరును వెంటబెట్టుకుని వెళ్లి తీయించండి. 2018లో లక్షా పది వేలున్న బండి 2025లో 68 వేలకు చేరిందంటే అది డాక్టరు గారి హస్తవాసే, వయసు తగ్గించే వైద్యం.

రెండు లక్షలు తిరిగాక ఇంజన్లో ఇంకేం మిగులుతుందని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ హైవే మీద టాప్ గేర్లో నిలకడగా తిరిగిన రెండు లక్షల కంటే, అమీర్‌పేట ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కుతూ తిరిగిన 80 వేలే బండిని ఎక్కువ నలపొచ్చు. సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆన్‌లో ఉన్న గంటలు కిలోమీటర్లలో పడవు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లు చిన్న దూరాలే తిరిగితే పొగగొట్టం దారిలోని డీపీఎఫ్ ఫిల్టరు మసితో పూడుకుపోతుంది. అంటే వాటి విషయంలో డాక్టరు గారి కథ నిజమైనా చిక్కే. ఇంజన్ సంగతి ఇంజన్నే అడగండి. ఉదయాన్నే, చల్లగా ఉండగానే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బానెట్ వెచ్చగా ఉంటే ఏదో దాస్తున్నారేమోనని అనుమానించండి. నీలి పొగ వస్తే ఆయిలు తాగుతోందని, నల్ల పొగ ఆగకపోతే ఇంజెక్టర్లనో టర్బోనో చూపించాలని అర్థం. ఆయిల్ క్యాప్ తీస్తే గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అంటారు. అక్కడ బేరం ఆపేయొచ్చు.

యార్డువాళ్లే వందల పాయింట్లు తనిఖీ చేసి సర్టిఫికెట్ ఇస్తున్నారుగా అనేది మరో మాట. ఆ తనిఖీకి డబ్బిచ్చేది అమ్మేవాడని మరవకండి. ఆ యార్డుతో సంబంధం లేని మెకానిక్‌కు మీ జేబులోంచి ఫీజిచ్చి, బండిని ర్యాంపు ఎక్కించి కింద చాసిస్ చూపించండి, వెల్డింగ్ అతుకులు, తుప్పు అక్కడే బయటపడతాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు బండ్లూ మునిగాయి. అలాంటివి సెంటు కొట్టుకుని ఏ యార్డుకైనా రావొచ్చు. సీటు బెల్టు చివరిదాకా లాగండి, బురద చారలు సెంటుకు లొంగవు.

కాగితాలు బ్రోకరు చూసుకుంటాడనడం అన్నిటికంటే ఖరీదైన నమ్మకం. ఆర్సీలో ఫైనాన్స్ తీరిందా, చలాన్లున్నాయా, చాసిస్ నంబరు సరిపోయిందా అన్నవి మీరే చూడాలి. ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద 2015లో హరిత ట్రైబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాక అక్కడివి చవగ్గా దొరకసాగాయి. ఎన్‌వోసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలిపితే ఆ చవక ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్స్, 30 రోజుల్లో ఆర్సీ మీ పేరుకు మార్పించుకోవడానికి దరఖాస్తు చేయాలి.

ఇంత చూశాక, రెండు లక్షల పాతిక వేలు తిరిగిందని బిల్లులతో సహా చూపించే అమ్మకందారు దొరికితే, అతని దగ్గర మరీ గీచి గీచి బేరమాడకండి. అతణ్ని మనం తరిమేస్తే, వచ్చే నెల అదే బండి 68 వేలతో, ఇంకో లక్ష ఎక్కువ ధరతో మన దగ్గరికే వస్తుంది.