డెబ్బై ఏడు ముళ్ల బొంత

బోయినపల్లి మండలం ఆడబిడ్డలకు శుభవార్త. ఇకమీద బొంత కుట్టే పనిలేదు. నడుము వంచనక్కర్లేదు, సూదిలో దారం ఎక్కించమని మనవణ్ని బతిమాలనక్కర్లేదు. కింద ఒక పొర, నడుమ ఒక పొర, పైన ఒక పొర పరిచి, అరడుగుకో చోట దారం గుచ్చి ముడేసి పారేస్తే బొంత తయారు. అరగంటలో అయిపోతుందట. ఫోన్ తెరిస్తే చాలు, వద్దన్నా ఈ విద్య నేర్పే గురువులు వరుసగా వచ్చి కూర్చుంటారు. వాళ్ల గోళ్ల రంగు చూస్తేనే తెలుస్తుంది, ఆ వేలికి సూది గుచ్చుకుని ఎన్నేళ్లయిందో.

ఇది బద్ధకం అనుకునేరు. తప్పు. ఇది కళ. ముడి పైన కత్తిరించకుండా వదిలేసిన దారపు కొసలు చూశారా, అవి పని సగంలో ఆపడం వల్ల మిగిలినవి కావు, అందం కోసం ఉంచినవి. మన అవ్వ అలా కొసలు వదిలేస్తే, ‘పనిమంతురాలివి కాదు’ అని అత్త నాలుగు వాడలకు వినిపించేలా చెప్పేది. పట్నంలో అద్దాల దుకాణంలో వేలాడదీస్తే అదే కొసకు వేలల్లో రేటు.

వీళ్ల వాదనకు బలం లేదనను. కట్టుడు అనేది మన ప్రాంతానికి కొత్త కాదు కదా. వేములవాడ పోతే రాజన్నకు కోడెను కడతాం. కోరుట్ల, జగిత్యాల వాడల్లో ఏ అరుగు చూసినా ఒళ్లో చాట పెట్టుకుని తునికాకులో తంబాకు చుట్టి దారం కట్టే ఆడవాళ్లే. అన్నిటికీ మించి పుస్తెలతాడు ఉండనే ఉంది. మూడు ముళ్లతో నూరేళ్ల సంసారం నిలబడితే, డెబ్బై ఏడు ముళ్లతో ఒక బొంత నిలబడదా అని అడుగుతారు. అడగడానికి బాగానే ఉంది. కాకపోతే సంసారాన్ని ఎవరూ సర్ఫులో నానబెట్టి బండకేసి బాదరు. బాదే ఇళ్లు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి మరో వారం రాస్తాను.

డెబ్బై ఏడు అనే అంకె నేను గాలిలోంచి తీసింది కాదు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బొంత అనుకోండి. ఆరంగుళాలకో ముడి వేసుకుంటూ పోతే నిలువునా పదకొండు, అడ్డంగా ఏడు, మొత్తం 77. అదే బొంతను అంగుళానికో వరుస చొప్పున కుడితే 47 వరుసలు. అంగుళానికి రెండు కుట్లే అనుకున్నా వరుసకు 144. మొత్తం 6,768 కుట్లు. ఒకటి 77, ఇంకొకటి 6,768. రెండింటి మీదా ఒకే చీటీ అతికిస్తారు, ‘చేతి పని’ అని. చేతికి ఈ మాట తెలిస్తే ఏమంటుందో!

అంకెలు పక్కన పెట్టి బొంత లోపలికి పోదాం. లోపల దూది ఉందనుకోండి. వరుస కుట్టు ప్రతి అంగుళం దగ్గర దాన్ని పట్టుకుని ఉంటుంది. ముళ్ల బొంతలో నాలుగు ముళ్ల నడుమ అరడుగు నలుచదరం ఖాళీ మైదానం. ఒక్కసారి ఉతికితే చాలు, దూది అంతా తలా ఒక మూలకు పోయి ముద్దకడుతుంది. అప్పుడు మీరు కప్పుకునేది ఒకచోట మూట, ఇంకోచోట వట్టి గుడ్డ. లోపల పాత చీరలే పరిచారనుకోండి, అవి నూలువైతే ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి, కాస్త నయం. కానీ మనది సిరిసిల్ల సీమ. వేల సాంచాలు రాత్రీ పగలూ నేసేది ఎక్కువగా పాలిస్టర్. 2017లో మొదలైన బతుకమ్మ చీరలను లక్షల్లో ఈ సాంచాల మీద నేశారు. పెట్టెల అడుగున పేరుకున్న ఆ చీరలే రేపటి బొంతలు. పాలిస్టర్ మీద పాలిస్టర్ నూనె రాసినట్టు జారుతుంది. జారే పొర బరువంతా ఒక్క ముడి మీద పడితే దారం తెగదు, గుడ్డే చిరుగుతుంది. కుట్టులో ఆ లాగుడును వందల కుట్లు పంచుకుంటాయి.

మిడ్ మానేరులో ఊళ్లు మునిగి, జనం పునరావాస కాలనీలకు చేరాక ఉతుకుడు కూడా మారింది. వాషింగ్ మెషీన్లు వచ్చాయి. వాగు ఒడ్డున ఉతికే అవ్వకు చిరుగు కనబడితే చేయి ఆగేది. మెషీన్‌కు కళ్లు లేవు, నీళ్లలో నానిన బొంతను మెలితిప్పి, తిప్పి, బయటికి కక్కుతుంది. ముళ్ల బొంత ఒక్కటి అందులో వేసి చూడండి. బయటికి వచ్చేదాన్ని ఏమనాలో మీ ఇష్టం, బొంత అని మాత్రం అనరు.

అసలు బొంత ఎలా తయారవుతుందో చూడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. ఎండాకాలం పొద్దున, ఎండ ఎక్కకముందే, ఊడ్చిన వాకిట్లో గట్టి చీర ఒకటి పరుస్తారు. నాలుగు మూలలా నాలుగు రాళ్లు. దాని మీద చినిగిన ధోతులు, లంగాలు, అంగీ వీపు ముక్కలు. ఎక్కడ పలచన ఉందో అరచేత్తో తడిమి, అక్కడ ఇంకో ముక్క. పైన మళ్లీ మంచి చీర. ముందు అంచులు మడిచి చుట్టూ పెద్ద కుట్టు వేసి పొరలు కదలకుండా చేస్తారు. తర్వాత నలుగురు నాలుగు దిక్కులా కూర్చుంటారు. ఎడమచెయ్యి బొంత కింద, కుడిచెయ్యి పైన. సూది మొన కింది వేలికి తగిలితేనే అన్ని పొరలూ దాటిందని నమ్మకం. అందుకే బొంతలు కుట్టే ఆడవాళ్ల ఎడమ చూపుడువేలు కొస మొద్దుబారి ఉంటుంది. అంచు నుంచి లోపలికి వరుస వెంట వరుస పోతుంటే, కూర్చున్నవాళ్లు కూడా బొంత మీదికి జరుగుతూ పోతారు. చివరికి నడిమధ్యన మోకాళ్లు తగులుతాయి. ఈలోపు ఎవరి కోడలు ఏమందో, దుబాయ్ నుంచి ఎవరి కొడుకు పైసలు పంపలేదో అన్నీ తేలిపోతాయి.

ముడికి నేను శత్రువును కాను. ముడికీ ఒక స్థానం ఉంది. దూది పరుపు చూడండి. దూదేకుల సాయిబు కవరు నిండా ఏకిన దూది కూరి, దబ్బనంతో అక్కడక్కడా ఈ వైపు నుంచి ఆ వైపుకు దారం దూర్చి బిగిస్తాడు. పరుపును ఎవరూ ఉతకరు. కొన్నాళ్లకు దూది అణిగిపోతే ఆ దారాలు తెంపి, దూది బయటికి తీసి, మళ్లీ ఏకి నింపాలి. మళ్లీ విప్పాల్సినదానికి ముడి, ఏళ్ల తరబడి ఉతికి వాడాల్సినదానికి కుట్టు. చదువురాని మనుషులు తేల్చిన లెక్క ఇది. అమెరికా, కెనడా చలిదేశాల్లో కూడా వరుస కుట్టు పడనంత మందంగా ఉన్ని కూరిన దుప్పట్లకు ముళ్లు వేసేవాళ్లు. అక్కడి మెన్నోనైట్ క్రైస్తవులు నలుగురూ కూడి ముళ్ల దుప్పట్లు కట్టి, యుద్ధాల్లో, వరదల్లో ఇల్లు పోయినవాళ్లకు ఈనాటికీ పంపుతున్నారు. త్వరగా, ఎక్కువమందికి అందాలి కనుక ముడి. వాళ్లు దాన్ని దానం అంటారు, కళ అని చెప్పి రేటు కట్టరు. మన గురువులు అక్కడి ముడి తెచ్చుకున్నారు, దానం అక్కడే వదిలేసి వచ్చారు.

మరి మన బొంత ఎక్కడికి పోయింది? దుబాయ్, మస్కట్ పోయినవాళ్లు తెచ్చిన పులిబొమ్మ చెద్దరు మెత్తగా వచ్చి మంచం ఎక్కింది. బొంత గొడ్ల కొట్టం చేరింది. పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే బండి వాడలోకి వస్తే పది చీరలకు ఒక టిఫిన్ డబ్బా తీసుకుని మురిసిపోయాం. బొంత కప్పుకున్నవాడు పేదవాడని మనమే తీర్మానించాం. ఇప్పుడు అదే బొంత, కుట్టు మానుకుని, ముళ్లు వేసుకుని, పేరు మార్చుకుని పట్నం నుంచి తిరిగివస్తే ఎదురేగి హారతి పడుతున్నాం. అమెరికాలో అలబామా రాష్ట్రం గీస్ బెండ్ పల్లె నల్లజాతి ఆడవాళ్లు అరిగిన పనిబట్టలతో చేసిన బొంతలను 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడకు వేలాడదీశారు. 2006లో వాటి మీద తపాలా బిళ్లలు వేశారు. మన దగ్గర మాత్రం కుట్టినామెకు ఆ గౌరవం దక్కదు, ముడేసినాయనకు దక్కుతుంది.

‘బొంతలు కుడతం’ అని కేకేసుకుంటూ వాడలోకి వచ్చే ఆమెతో మన బేరం గుర్తుచేసుకోండి. ఆమె కూలి చెప్పగానే, ‘ఏందమ్మా, గుడ్డ మాది, దారం మాది, ఉత్త కుట్టుడుకే గంతా?’ అంటాం. ఉత్త కుట్టుడు! 6,768 కుట్లు మన లెక్కలో ఉత్తవి. సగానికి తెగ్గోసి, మధ్యాహ్నం ఇంత అన్నం పెట్టి, దానికి కూడా పుణ్యం రాసుకుంటాం. సాయంత్రం అదే చేత్తో ఫోన్‌లో డెబ్బై ఏడు ముళ్ల బొంత చూసి, ఎంత చెబితే అంతకు కార్డు గీకుతాం. అక్కడ బేరం ఉండదు, ఉంటే నామర్దా. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు పుట్టిన సీమ ఇది. పనితనం అంటే ఏమిటో మనకు ఒకరు వచ్చి చెప్పనక్కర్లేదు. తెలిసే తూకం తప్పుతున్నాం.

కాబట్టి ముళ్ల బొంతలు అమ్ముకునేవాళ్లకు నా విన్నపం చిన్నది. అమ్ముకోండి. కొనేవాళ్లు కొంటారు, ఎవరి పైసలు వాళ్లవి. ‘చేతి పని’ అని రాసిన చీటీ మీద ఇంకో రెండు పంక్తులు వేయండి. ఆ చెయ్యి ఎన్ని గంటలు పనిచేసింది, ఆ చేతికి ఎంత ముట్టింది. వాకిట్లో కూర్చుని కుట్టే ఆమె కూలి కూడా పక్కనే రాయండి. రెండూ చదివాక కూడా కొనేవాడు అరగంట పనికే వేలు పోస్తే, అతనికి అమ్మాల్సింది బొంత కాదు, ఎక్కాల పుస్తకం.