అపరిమితం: షరతులు వర్తిస్తాయి

పటాన్‌చెరు, పాశమైలారం పారిశ్రామికవాడల్లో జనరేటర్ కొనడానికి మూడు కొటేషన్లు తెప్పించి, లీటరు డీజిల్‌కు ఎన్ని యూనిట్లు వస్తాయో పైసాతో సహా లెక్కగట్టే యజమాని, వెబ్ హోస్టింగ్, అనగా సంస్థ వెబ్‌సైట్‌కు సర్వర్‌లో చోటు అద్దెకు తీసుకునే వ్యవహారం వచ్చేసరికి, మొదటి ఏడాది రాయితీ ధర ఒక్కటే చూసి డబ్బు కట్టడం, రెండో ఏడాది రెన్యువల్ బిల్లు చూసి గుండె పట్టుకోవడం ఆనవాయితీగా మారింది.

ఒకే సర్వర్‌ను అనేక సైట్లు పంచుకునే షేర్డ్ హోస్టింగ్‌లో పొరుగువాడి పాపం తనకూ చుట్టుకుంటుందన్న సంగతి, ఫ్యాక్టరీల వ్యర్థ జలాలతో పక్కనున్న నక్కవాగు ఎలా కలుషితమైందో చూసిన ప్రాంతానికి వేరే చెప్పనక్కర్లేదు. 99.9 శాతం అప్‌టైమ్, అనగా సైట్ తెరుచుకొని ఉండే కాలం, అన్న హామీలోనే ఏడాదికి దాదాపు 8 గంటల 45 నిమిషాల మూత ఇమిడి ఉంది (జనరేటర్ అన్ని గంటలు ఆగితే పంచాయితీ పెద్దమనుషుల దాకా పోయేది). 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్ కేంద్రాలను హైదరాబాద్ ప్రాంతంలోనే ప్రారంభించినా, తమ సర్వర్ ఏ దేశంలో ఉందని అడిగే నాథుడు లేడు. ఇక డొమైన్, అనగా సైట్ చిరునామా, సాధారణంగా బావమరిది పేరిట నమోదై ఉంటుంది. ఆయనగారు డల్లాస్‌లో స్థిరపడగా, ఓటీపీ మాత్రం ఎప్పుడో రద్దయిన పాత నంబరుకే వెళుతుంటుంది.