పెళ్ళిపాట

గ్రీకు పురాణాల్లో, సముద్రంలో ఉండే ముసలి దేవుడు నెరియస్‌కి, డోరిస్‌కి 50 మంది కూతుళ్ళు. వాళ్ళలో థెటిస్ ఒకతె. దేవతల రాజు జ్యూస్, పొసైడాన్ అన్నదమ్ములిద్దరూ ఆమె మీద మనసుపడ్డారు. పొసైడాన్ అయితే ఆమె తోబుట్టువు ఆంఫిట్రైటీకి మొగుడు. థెటిస్ కడుపున పుట్టేవాడు తండ్రిని మించిపోతాడని జోస్యం బయటపడగానే ఇద్దరూ వెనక్కి తగ్గారు. తండ్రిని దించి గద్దెనెక్కినవాడు జ్యూస్. కొడుకులంటే ఏమిటో ఆయనకి తెలుసు. ఈమెని ఒక మనిషికి కట్టబెడితే, కొడుకు తండ్రిని ఎంత మించినా ఏదో ఒకనాడు చచ్చేవాడేనని లెక్క వేసుకున్నారు. థెస్సలీలో ఫ్థియా రాజు పీలియస్‌ని వరుడిగా ఖాయం చేశారు.

ఆమెని ఎవరూ అడగలేదు. పీలియస్ వచ్చి పట్టుకుంటే నిప్పయింది, నీళ్ళయింది, సింహమైంది, పామైంది. ఏమైనా వదలొద్దని సగం మనిషి, సగం గుర్రం అయిన కైరాన్ ముందే చెప్పి పంపాడు. అతను వదల్లేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత కూడా, ఇష్టం లేని మనువు నెత్తిన రుద్దారని ఆమె కమ్మరి దేవుడు హెఫీస్టస్ ముందు కన్నీళ్ళు పెట్టుకోవడం ఇలియడ్‌లో ఉంది.

పెళ్ళి మాత్రం ఘనంగా చేశారు. పీలియాన్ కొండ మీదికి దేవతలంతా దిగివచ్చారు. పెళ్ళికొడుక్కి కైరాన్ బల్లెం ఇచ్చాడు, పొసైడాన్ గుర్రాల జత ఇచ్చాడు. విందులో అపోలో లైర్ మీటుతూ పాట అందుకున్నాడు. జరగబోయేది చెప్పే దేవుడాయన. ఆ నోట అబద్ధం రాదని పేరు. నీ బిడ్డలు రోగమెరగకుండా నిండు నూరేళ్ళు బతుకుతారని పెళ్ళికూతుర్ని దీవించాడు. ఆ పెళ్ళిలో ఆమె మనసు కుదుటపడింది ఆ పాటకే.

అకిలీస్ పుట్టాడు. జోస్యం చెప్పినట్టే తండ్రిని మించాడు. ట్రాయ్ యుద్ధంలో, ఆ కోట గుమ్మం దగ్గర, పడుచు వయసులోనే బాణం తగిలి పోయాడు.

ఈ కథలో నన్ను ఎప్పుడూ కదిలించేది అతని అంత్యక్రియలు. ఒడిస్సీ చివర్లో వస్తుంది ఆ ఘట్టం. శవం చుట్టూ సైన్యం కూర్చుని ఉండగా సముద్రం మీదినుంచి ఒక ఏడుపు లేచింది. యుద్ధంలో ఆరితేరిన గ్రీకు వీరులు ఆ గొంతుకి వణికిపోయి ఓడల్లోకి పరుగెత్తబోయారు. ముసలి నెస్టర్ అడ్డుపడి, పారిపోకండి, వచ్చేది తల్లి, చచ్చిపోయిన కొడుకుని చూసుకోడానికి వస్తోంది అని ఆపాడు. అక్కచెల్లెళ్ళని వెంటబెట్టుకుని థెటిస్ నీళ్ళలోంచి వచ్చింది. 17 పగళ్ళు, 17 రాత్రులు దేవతలూ మనుషులూ ఏడ్చారు. 18వ రోజున చితికి నిప్పు పెట్టారు. ఎముకలు ఏరి పెట్టడానికి ఆమె ఒక బంగారు జాడీ తెచ్చింది. అది డయొనైసస్ ఇచ్చింది. తరుముతుంటే భయపడి సముద్రంలో దూకిన ఆ దేవుణ్ణి ఒకప్పుడు ఒడిలో దాచుకుంది ఈవిడే. దేవతలు జ్యూస్‌ని కట్టేయబోతే నూరు చేతుల బ్రయారియస్‌ని పిలుచుకొచ్చి విడిపించిందీ ఈవిడే.

అకిలీస్ మీద బాణం వేసింది ట్రాయ్ రాజకుమారుడు పారిస్. దాన్ని గురికి చేర్చినవాడు అపోలో.

గ్రీకు నాటకకర్త ఎస్కిలస్ ఒక నాటకంలో ఈ సంగతి థెటిస్ నోటే చెప్పించాడు. నా పెళ్ళిలో విందు తిన్నవాడు, పాట పాడినవాడు, నా పిల్లలకి ఆయుష్షు పోసినవాడు, నా కొడుకుని పొట్టన పెట్టుకున్నవాడు, అందరూ ఒక్కడేనని ఆ తల్లి నిలదీసింది. ఎస్కిలస్ క్రీ.పూ. 456లో పోయాడు. తర్వాతి శతాబ్దంలో ప్లేటో ‘రిపబ్లిక్’ రాస్తూ, ఆదర్శ రాజ్యంలో పిల్లలకి ఏ కథలు చెప్పాలన్న చర్చలో ఈ నిలదీతని పట్టుకున్నాడు. దేవుడు అబద్ధమాడడు, మోసం చెయ్యడు. కాబట్టి థెటిస్ చేత ఇలాంటి మాటలు అనిపించిన కవి మీద కోపగించాలి, అతనికి కోరస్‌ని, అంటే నాటకంలో ఆడిపాడే బృందాన్ని, ఇవ్వకూడదు అని సోక్రటీస్ చేత చెప్పించాడు. ఏథెన్స్‌లో కోరస్ మంజూరు కాకపోతే నాటకం రంగమెక్కదు. ఆ పద్యాలు బడిలో పిల్లల చెవిన కూడా పడకూడదన్నాడు. ఎదురుగా కూర్చున్న అడైమాంటస్ ఒప్పుకున్నాడు.

తర్వాత ఆ నాటకం కాలంలో కలిసిపోయింది. ఎస్కిలస్ పేరున పూర్తిగా దక్కినవి 7 నాటకాలే, వాటిలో ఇది లేదు. థెటిస్ మాటలు మాత్రం ఈనాటికీ ఉన్నాయి. ఎవరూ వినకూడదని చెప్పేముందు, ఏ మాటలో తెలియాలి కదా అని ప్లేటో వాటిని తన పుస్తకంలోకి ఎత్తి రాసుకున్నాడు.