సముద్రంపై సభాహక్కుల నోటీసు

సముద్రం పెరుగుతోందా లేదా అన్నది శాస్త్రవేత్తలు తేల్చాల్సిన సంగతి అని మనబోటి అమాయకుల నమ్మకం. అమెరికాలోని నార్త్ కరోలినా శాసనసభ 2012లో ఆ భ్రమ తొలగించింది. ఓటింగు పెట్టి తేల్చింది.

గొడవ 2010లో మొదలైంది. తీరప్రాంత కమిషన్‌కు సలహాలిచ్చే శాస్త్రవేత్తలు, 2100 నాటికి సముద్రమట్టం దాదాపు మీటరు పెరుగుతుందనుకుని ప్లాన్లు వేసుకోండని నివేదిక ఇచ్చారు. మీటరంటే మనిషికి నడుం లోతు. రియల్ ఎస్టేట్ వాళ్లకు మాత్రం పీకల్లోతు. నీళ్లు ఎందాకా వస్తాయో మ్యాపు మీద గీత గీసేస్తే, ఆ గీతకు అటుపక్క పడ్డ ప్లాటు ఎవడు కొంటాడు? చెరువు నిండితే నీళ్లు ఎందాకా వస్తాయో చెప్పే ఎఫ్‌టీఎల్ గీతలు రాత్రికి రాత్రే జరిగిపోవడం చూసిన హైదరాబాద్ జనానికి ఇంతకు మించి చెప్పనక్కర్లేదు. ఇరవై తీర కౌంటీల పేరుతో ఎన్‌సీ-20 అనే సంఘం రంగంలోకి దిగింది. బిల్లు తయారైంది.

తొలి ముసాయిదా మాత్రం చదివి తరించాల్సిందే. అంచనా వేసేవాళ్లు 1900 నుంచి ఉన్న పాత లెక్కలే తీసుకోవాలట. ఆ లెక్కల గీతనే తిన్నగా ముందుకు పొడిగించాలట. మట్టం మునుపటికంటే జోరుగా పెరుగుతుందని ఊహించకూడదట. అంటే సముద్రం పెరిగితే పెరగొచ్చు గానీ, తాతల నాటి పద్ధతి తప్పకుండా, పెద్దమనిషి తరహాలో పెరగాలి. దేశమంతా నవ్వేసరికి ఆ వాక్యాలు తీసేశారు. 2016 దాకా ప్రభుత్వ సంస్థలు సముద్రం పెరిగే వేగాన్ని ఖరారు చేసి దాని మీద నిబంధనలు పెట్టకూడదని, ఈలోగా మళ్లీ అధ్యయనం జరగాలని చట్టం చేశారు. గవర్నర్ బెవ్ పర్డ్యూ దాని మీద సంతకం పెట్టలేదు, వీటో కూడా చేయలేదు. గోడ మీద పిల్లులు అక్కడా ఉంటాయి.

మళ్లీ అధ్యయనమంటే మళ్లీ అవే కబుర్లు చెబుతారేమోనని కమిషన్ ముందే జాగ్రత్తపడింది. నూరేళ్ల ముచ్చట వద్దు, ముప్పయ్యేళ్ల వరకే చెప్పమంది. అక్కడ ఇంటి అప్పు గడువు మామూలుగా ముప్పయ్యేళ్లే! ఆఖరి వాయిదా కట్టేదాకా గోడలు నిలబడితే చాలు, ఆ తర్వాత అలలు ఏ గదిలో పడుకుంటే బ్యాంకుకేం?

ఫ్లోరిడా ఇంకో అడుగు ముందుకేసింది. 2024లో రాష్ట్ర చట్టాల్లో ‘వాతావరణ మార్పు’ అన్న మాటలు ఉన్నచోటల్లా దాదాపుగా కొట్టేసింది. జ్వరం తగ్గించడం కష్టం గానీ థర్మామీటరు మీద అంకెలు గీకేయడం ఎంతసేపు!

‘భూమి వేడెక్కి సముద్రం పెరుగుతోందే అనుకుందాం, దానికి మనుషులే కారణమని రుజువేది? సూర్యుడేమో!’ అనే పెద్దమనిషి ప్రతి దేశంలోనూ ఉంటాడు. సూర్యుడే ముద్దాయి అయితే వాతావరణం కింది నుంచి పైదాకా వేడెక్కాలి. కింద వేడెక్కుతుంటే పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. పోనీ అగ్నిపర్వతాల మీదకు నెట్టేద్దామంటే, అవి ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ మనం వదిలేదాంట్లో నూటికి ఒక వంతు కూడా ఉండదు. హవాయిలోని మౌనా లోవా కొండ మీద 1958లో కొలత మొదలుపెట్టినప్పుడు గాలిలో పది లక్షల పాళ్లకు 315 పాళ్లుండేది. ఇప్పుడు 420 దాటింది. ఈ కార్బన్ డయాక్సైడే భూమిని వేడెక్కిస్తుందన్న సంగతి చాలామంది కంటే ముందే చెవినపడిన వాళ్లలో ఎక్సాన్ చమురు కంపెనీ పెద్దలూ ఉన్నారు. 1977లోనే వాళ్ల సొంత శాస్త్రవేత్త చెప్పాడు. ఆ తర్వాత కంపెనీ లోపల వేసుకున్న వేడి అంచనాలు నిజంగా జరిగినదానికి చాలా దగ్గరగా ఉన్నాయని 2023లో సైన్స్ పత్రిక ప్రచురించిన పరిశోధన తేల్చింది. బయట జనానికి మాత్రం ఏళ్ల తరబడి ‘ఇంకా ఏదీ తేలలేదు’ అనే చెప్పారు. దొంగలెక్కల పుస్తకం మన షావుకార్ల సొంత ఆస్తేమీ కాదన్నమాట.

సముద్రం సంగతికొస్తే, అది సభను ఖాతరు చేయలేదు. నార్త్ కరోలినా తీరంలోని రొడాంతి అనే ఊళ్లో 2020 నుంచి ఇళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి ఒరిగిపోతున్నాయి. న్యాయంగా చెప్పాలంటే అవి ఇసుక దీవులు, వేడి లేకపోయినా అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. పెరిగే నీటిమట్టం ఆ కదలికకు వెనక నుంచి ఒక తోపు తోస్తోంది, అంతే. రాలీ, షార్లెట్ నగరాల్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసుకునే మనవాళ్లకు సెలవుల్లో కారేసుకుని వెళ్లగలిగే బీచ్‌లలో ఇదీ ఒకటి. సెల్ఫీకి నేపథ్యం ఏడాదికో రకంగా మారుతోంది.

2023లో అమెరికా నేషనల్ పార్క్ సర్వీస్ రొడాంతిలో పడిపోబోతున్న రెండు ఇళ్లను ఏడు లక్షల డాలర్ల పైచిలుకు పోసి కొంది. కాపురానికి కాదు, కూల్చడానికి. ఆ డబ్బు ఒక పరిరక్షణ నిధి నుంచి తీశారు. ఆ నిధికి రాబడి ఎక్కడిదంటే, సముద్రగర్భంలో చమురు, గ్యాస్ తవ్వుకునే కంపెనీలు కట్టే సొమ్ము.