ఊరికే వచ్చిన కుక్క

మల్లి మాకు ఊరికే వచ్చింది. వానలో తడిసి మా స్కూటర్ కింద వణుకుతుంటే మా అమ్మాయి చున్నీలో చుట్టి లోపలికి తెచ్చింది. "కొంటే పాతికవేలు నాన్నా, ఇది ఫ్రీ" అంది. పెరుగన్నం తిని పెరిగే ఊరకుక్కకి ఖర్చేముంటుందని నేనూ సరేనన్నాను.

ఎనిమిదో నెల దాకా నిజంగానే ఏమీ లేదు. ఒకరోజు పొద్దున్నే పాలప్యాకెట్ కోసం తలుపు తీస్తే గేటు అవతల పదకొండు మగకుక్కలు. మా వీధివి నాలుగే. మిగతావాటికి మల్కాజిగిరి అంతా తిరిగి ఎవరు కబురు చెప్పారో! వాటిలో పక్క కాలనీ వకీలుగారి లాబ్రడార్ కూడా ఉంది. అది మెడలో బెల్టుతో, పెళ్లిచూపులకొచ్చిన వాడిలా కాస్త ఎడంగా, మర్యాదగా కూర్చుంది. మూడు వారాలపాటు మేమంతా పెరటి తలుపు నుంచే రాకపోకలు సాగించాం.

ఈ జాతర ఏడాదికి దాదాపు రెండుసార్లు ఉంటుందనీ, కడుపు నిలిస్తే 63 రోజులకి ఆరేడు పిల్లలనీ తెలిసి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాలని డాక్టరు దగ్గరికి పరుగెత్తాను.

"ఇప్పుడు కాదండీ. రక్తం ఎక్కువ పోతుంది. హీట్ తగ్గాక రెండు మూడు నెలలాగి తీసుకురండి. చేయించకుండా మాత్రం ఉండకండి. కొన్నాళ్లకి గర్భసంచిలో చీము పడితే ప్రాణం మీదికొస్తుంది" అన్నారాయన. ఎంతవుతుందని అడిగాను. చెప్పారు. మగకుక్కకైతే ఎంతని ఊరికే అడిగాను. "చాలా తక్కువండీ. ఆడదానికి పొట్ట కోసి అండాశయాలూ గర్భసంచీ తియ్యాలి. మగవాటికి పైపైన చిన్న కోత. సాయంత్రానికి లేచి తిరుగుతాయి" అన్నారు. అది విని మా ఆవిడ నావైపు చూసింది. పాతికేళ్ల కిందటి సంగతి అది. ఇప్పుడెందుకులెండి.

ఆయన చెప్పినట్టే ఆగి ఆపరేషన్ చేయించాం. బిల్లు మీద పేషెంట్ పేరు మల్లి అని మా ఇంటిపేరుతో సహా రాశారు. రక్తపరీక్షలు 1,800. నా షుగర్ టెస్టు నేను రెండేళ్లుగా వాయిదా వేస్తున్నానని ఇక్కడ మనవి. ఆపరేషన్ 9,000. ఇంజెక్షన్ మత్తు కావాలా, గ్యాస్ మత్తు కావాలా అని అడిగారు. అంతమంది చూస్తుండగా చవకది చాలనే ధైర్యం ఏ తండ్రికుంటుంది? ఇంకో 3,000. మందులు, కన్సల్టేషన్ కలిపి 1,650. కుట్లు నాకకుండా మెడకి ప్లాస్టిక్ గరాటు 450. పొట్టకి పూలపూల జాకెట్టు 600. మొత్తం 16,500.

ఇంటికొచ్చి అంకె చెబితే మా అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది. "ఒరేయ్, నువ్వు పుట్టాక నాకు క్యాంపులో ఆపరేషన్ చేసి, ఎదురు డబ్బిచ్చి పంపారురా! టీచర్లందరికీ కేసులు తెమ్మని టార్గెట్లు పెడితే, మీ నాన్న నన్ను కూడా తన లెక్కలో రాసుకున్నారు" అంది. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం కాలపు మనిషి. ఆవిడకి గ్యాస్ మత్తు గురించి నేను చెప్పలేదు.

మల్లి మాత్రం గరాటుతో వారం రోజులు ఇల్లంతా ఏలింది. గుమ్మాలకి ఢీకొంది, పూలకుండీ పడగొట్టింది, గరాటులో అన్నం మెతుకులు దాచుకుంది.

నాలుగో రోజున గేటు దగ్గర నిలబడి వీధికుక్క కర్రిని చూశాను. అది మల్లి తోబుట్టువే అని మా అందరి అనుమానం. దాని చెవి కొస కత్తిరించి ఉంది. కార్పొరేషన్ వాళ్లు బండిలో ఎక్కించుకెళ్లి, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, రూల్ ప్రకారం పట్టుకున్న చోటే మళ్లీ దింపి వెళ్లారట. ఖర్చు సున్నా. అంటే, ఆ వానరోజున మల్లిని స్కూటర్ కిందే వదిలేసి ఉంటే ఇవన్నీ ప్రభుత్వమే ఇంటిముందుకొచ్చి చేసి పెట్టేది. ఈ మాట మా అమ్మాయి దగ్గర అని చూశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పదో రోజున కుట్లు తీశారు. దానికి వేరే 300.